మా తాతయ్య ఛాతీలోని మసి

నా చిన్నప్పుడు మా ఇల్లు పొద్దున్నే మా తాతయ్య దగ్గుతో మేలుకునేది. అప్పుడు మేము అరబ్బు దేశంలో, ఖఫ్జీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. సముద్రానికి దగ్గరగా, మా నాన్న పనిచేసే చమురు కంపెనీ క్వార్టర్లు వరసగా ఒకేలా ఉండేవి. గోడలు పల్చన కావడంతో తాతయ్య దగ్గు ఇరుపక్కల ఇళ్ళకూ వినబడేది. మొదట పొడిగా ఒకటి రెండు దగ్గులు, తర్వాత బావిలోంచి తోడుతున్నట్టు పొడవుగా ఇంకొకటి, చివరికి కఫం పడి ఒక నిట్టూర్పు. అదయ్యాక కళ్ళు తుడుచుకుని, "బండి స్టార్టయింది, ఇగ చాయ్ పొయ్యుండ్రి" అనేవాడు. మా అమ్మ అప్పటికే గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేది.

తాతయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్లో అన్నీ బొగ్గు ఇంజన్లే. కుర్రతనంలో ఫైర్‌మన్‌గా చేరి కొలిమిలోకి బొగ్గు ఎగదోసి, పెద్దయ్యాక డ్రైవరై కాజీపేట నుంచి బల్లార్షా దాకా బండి నడిపాడు. నానమ్మ పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడని నాన్న విజిట్ వీసా మీద ఖఫ్జీకి పిలిపించాడు. చలికాలం మాతో గడిపి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోవాలన్నది ఏర్పాటు.

నాకు ఆయనతో ఒక ఆట ఉండేది. ఒక్క గుక్కలో ఎన్ని స్టేషన్లు చెప్పగలడో చూడటం. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, గుండెల నిండా గాలి పీల్చి, "కాజీపేట, హసన్‌పర్తి, ఉప్పల్, జమ్మికుంట, పొత్కపల్లి, ఓదెల, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల" అని చెప్పి అక్కడ ఆగేవాడు. మంచిర్యాలలో ఇంజనుకు నీళ్ళు పట్టాలి, అందుకే ఆగానని చెప్పేవాడు. ఊపిరి అయిపోయిందని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. నేను బెల్లంపల్లి దాకా పోవాలని పట్టుబడితే, "ఆగని బండి ఉంటదా బిడ్డా, నీళ్ళు లేకుంటే బాయిలర్ పగుల్తది" అనేవాడు. ఆ స్టేషన్లను నేను చూడలేదు. అయినా ఇప్పటికీ ఆ వరుస నాకు ఎక్కాల కన్నా బాగా గుర్తుంది.

తన దగ్గు గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. ఇంజను బాయిలర్‌లో సన్నటి గొట్టాలు బోలెడుంటాయట. కొలిమి పొగ వాటిగుండా పోతూ లోపల మసి పట్టిస్తుంది. మసి ఎక్కువైతే ఆవిరి సరిగా పుట్టదు, బండి లాగదు. అప్పుడు షెడ్డులో పొడుగాటి కడ్డీలు పెట్టి గీకి, ఆవిరి కొట్టి ఆ గొట్టాలు శుభ్రం చేస్తారు. "నా ఛాతీల గొట్టాలకు గూడ గట్లనే మసి పట్టింది. దగ్గి దగ్గి గీకాలె, వేడి పెట్టి కరిగించాలె. గంతే" అనేవాడు. ఆయన జీవితమంతా గొట్టాల మధ్యే గడిచింది కాబట్టి మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. నా కళ్ళకైతే ఆయన ఛాతీలో నిజంగానే ఒక చిన్న ఇంజను కనబడేది.

నేను డాక్టరును కాను. పెద్ద చదువులు చదవలేదు. ఖఫ్జీలో పై తరగతుల బడి లేక మాలాంటి పిల్లల చదువు ఒక తరగతి దాటాక ముందుకు సాగలేదు. తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీల్లో బల్ల ముందు కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే. మా క్వార్టర్ల క్లబ్బులో ఒక అలమారా నిండా పుస్తకాలుండేవి. పెళ్ళయి రియాద్ వచ్చాక ఎక్కడ పుస్తకాలుంటే అక్కడికి వెళ్ళాను. శరీరం గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. ఆ చదువుకు దారి వేసింది మాత్రం పుస్తకం కాదు. మా పక్కింటి అక్క.

అక్కది భీమవరం వైపు. ఆమె భర్త, మా నాన్న ఒకే విభాగంలో పనిచేసేవారు. ఆమె కంపెనీ క్లినిక్‌లో నర్సు. నా కన్నా చాలా పెద్దది, అయినా నేను అక్క అనే పిలిచేదాన్ని. మా అమ్మను ఆమె వదినా అనేది. తాతయ్యకూ ఆమెకూ మాటామాటా పడని రోజు ఉండేది కాదు. "నీ మాట మాటలెక్క ఉండది, పాటలెక్క ఉంటది. గంత సాగదీస్తే బండి ఎప్పుడు చేరాలె" అని ఆయన. "మీరు మాట్లాడితే మాత్రం ఇంజను కూతేసినట్టుంటుందండీ, ఈసారి పట్టాలు చూసుకుని మాట్లాడండి" అని ఆమె. తన ఇంట్లో గోంగూర పచ్చడి చేసినప్పుడల్లా ఆయనకు ఒక గిన్నె పంపేది. ఆయన అందులో ఉప్పు తక్కువైందని కబురు పంపి, గిన్నె ఖాళీ చేసి తిరిగిచ్చేవాడు.

ఆ చలికాలం చివర్లో ఉత్తరం నుంచి గాలి లేచింది. అక్కడ గాలి లేస్తే ఆకాశం చాయ్ రంగులోకి మారుతుంది. తలుపుల కింద తడి గుడ్డలు దోపినా, కిటికీల సందులకు టేపు అంటించినా, పళ్ళేల మీద, దిండ్ల మీద, నాలుక మీద సన్నటి ఇసుక చేరుతుంది. నేను ఆరేసిన బట్టలు తేవడానికి బయటికి పరిగెత్తాను. కంట్లో ఇసుక పడింది. అమ్మ నీళ్ళతో కడిగింది కానీ నేను చెయ్యి తీయకుండా నలుపుతూనే ఉన్నాను. మర్నాటికి కన్ను ఎర్రబడి, రెప్ప ఉబ్బి, సగం మూసుకుపోయింది.

నా కన్ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికే ఇంట్లో అందరి ధ్యాస తాతయ్య మీదికి మళ్ళింది. అమ్మకు జలుబు చేసి తగ్గుతుండగా అది ఆయనకు అంటుకుంది. దానికి దుమ్ము తోడైంది. రోజూ తెల్లగా పడే కఫం చిక్కబడి పచ్చగా మారింది. పొద్దున ఒకసారి వచ్చి పోయే దగ్గు రోజంతా నిలబడిపోయింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి పిల్లికూతల్లాంటి సన్నటి ఈల వినబడేది. ఆయన పడుకోలేక, మంచం అంచున చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చునేవాడు. ఆట ఆడదామని నేను దగ్గరికి వెళితే, "కాజీపేట" అన్నాడు. ఆగాడు. "హసన్‌పర్తి" అన్నాడు. మళ్ళీ ఆగి, చెయ్యి ఊపి, ఇవాళ బండి లేదన్నట్టు తల తిప్పాడు.

తనకు తెలిసిన వైద్యమే ఆయన మొదలుపెట్టాడు. మనవాళ్ళు జలుబుకు చేసేదే. ఎండు పసుపు కొమ్ముకు కాస్త నూనె రాసి, స్టవ్ మంట మీద కొస కాల్చి, అది ఎర్రగా రాజుకున్నాక ఆ పొగను ముక్కుతో పీల్చడం. మామూలు జలుబుకు మా ఇంట్లో అందరూ చేసిందే. ఆయన మాత్రం తల మీద దుప్పటి కప్పుకుని, పొగ బయటికి పోకుండా పీల్చేవాడు. పీల్చిన వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చి కఫం పడేది. చూశావా, మసి ఊడుతోంది అన్నట్టు అమ్మకు సైగ చేసేవాడు. కాసేపటికి ఈల ఇంకా సన్నబడేది, ఊపిరి ఇంకా బిగుసుకునేది. అప్పుడు ఇంకో కొమ్ము కాల్చమనేవాడు.

నాన్నకు ఆ వారం సముద్రం మధ్యలో చమురు తోడే ప్లాట్‌ఫారం మీద డ్యూటీ. గాలి తగ్గేదాకా పడవలు రావు. అమ్మ ఒక్కతే. "మామా, దవాఖానకు పోదాం. పక్కింటామె అక్కడనే ఉంటది గద" అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో మూడు నాలుగు ముక్కలుగా, మధ్యమధ్య గాలి వెతుక్కుంటూ చెప్పాడు. తనతో పనిచేసిన డ్రైవరొకడు ఇలాగే దమ్ము పట్టి దవాఖానకు పోయాడు. మూతికి మాస్కు పెట్టారు. ఇంటికి రాలేదు. అక్కడంటే కాజీపేట, నలుగురు మోసుకుపోయారు. ఇక్కడ తనకేమైనా అయితే కాగితాలు కదలాలి, పెట్టెలో పెట్టాలి, విమానం ఎక్కించాలి. "పెట్టెల... పోను. నేను... కూసోని వచ్చిన. కూసోనే పోత" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ దేశంలో బతికిన మనవాళ్ళందరికీ ఆ పెట్టె భయం తెలుసు. ఎవరూ పైకి అనరు. అంత పెద్దమనిషి నోట ఆ మాట వచ్చాక నాకు మొదటిసారి భయమేసింది. ఆయన నిజంగానే పోతాడేమోనని అప్పుడే తోచింది.

మధ్యాహ్నం అక్క డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. గుమ్మం దాటకముందే ఆ ఈల విని చెప్పులు కూడా విడవకుండా లోపలికి నడిచింది. తాతయ్య గోళ్ళు నీలబడ్డాయేమో చూసింది. మెడ దగ్గర కండరాలు ఊపిరి ఊపిరికీ తాళ్ళలా లేవడం చూసింది. గది నిండా ఉన్న పొగ చూసి కిటికీ వైపు వెళ్ళి, బయట దుమ్ము ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. "తాతగారూ, క్లినిక్‌కి వెళదాం లేవండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పింది. ఆయన ఇంకోసారి, కాస్త గట్టిగా ఊపాడు. పసుపు పొగ మానమంటే, "నీకు సూదులు తెలుసు. నాకు... గొట్టాలు తెలుసు" అన్నాడు.

అక్క బయటి వరండాలోకి వచ్చింది. నేను అక్కడ గోడకు ఆనుకుని కన్ను నలుపుకుంటున్నాను. ఆమె కోపంగా నా చెయ్యి లాగేయబోయి, సగంలో ఆగి, నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె ఏదో ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది. తర్వాత వంగి నా చెవిలో, "నువ్వెళ్ళి నీ కంటికి కూడా ఆ పసుపు పొగ పెట్టమని తాతగారిని అడుగు. నేను చెప్పానని మాత్రం అనకు" అంది.

నాకు అర్థం కాలేదు, కానీ అక్క చెబితే చేసేదాన్ని. లోపలికి వెళ్ళి ఆయన మోకాళ్ళ దగ్గర నిలబడ్డాను. "తాతా, నా కంట్ల ఇసుక పోతలేదు. నాక్కూడా పొగ పెట్టవా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డట్టు చూశాడు. నన్ను దగ్గరికి లాక్కుని, వేళ్ళతో కింది రెప్పను మెల్లగా కిందికి దించాడు. లోపలి పొర దానిమ్మ గింజలా ఎర్రగా, ఉబ్బి, నీళ్ళూరుతూ ఉంది. ఆయన దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. చేతిలో ఉన్న కాలిన కొమ్మును దూరంగా, మంచం కిందికి పెట్టేశాడు.

"కంట్ల... పొగ పెడ్తరా, పిచ్చిదానా" అన్నాడు.

"ఇసుక ఉన్నది తాతా. గరగర అంటుంది."

"లేదు. ఇసుక... నిన్ననే పోయింది. నువ్వు నలిపేది... పుండును. వాపు గది."

ఆ తర్వాత ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగానే వచ్చింది కానీ నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తుంది. ఫైర్‌మన్‌గా చేరిన కొత్తలో ఇంజను లోంచి తల బయటికి పెట్టి చూస్తుంటే కంట్లో బొగ్గు రవ్వ పడిందట. జమ్మికుంట నుంచి రామగుండం దాకా నలుపుతూనే ఉన్నాడట. చివరికి ముసలి డ్రైవరు మణికట్టు పట్టుకుని, రవ్వ ఎప్పుడో కారిపోయిందిరా, వాచిన కంటికి ఏమీ లేకున్నా ఏదో ఉన్నట్టే ఉంటుంది, నలిపేకొద్దీ వాస్తుంది, వాచేకొద్దీ నలపాలనిపిస్తుంది, చెయ్యి తియ్యి అని తిట్టాడట. చల్లటి నీళ్ళ గుడ్డ వేసి ఊరికే ఉండాలి, అదొక్కటే మందు అని నాకు చెప్పి, "పొగ పెడ్తే... కన్నే మూస్కపోతది" అని ముగించాడు.

అప్పటికి అక్క వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఎప్పుడూ ఆయనతో వేళాకోళమాడే గొంతు కాదది.

"తాతగారూ, దాని కంట్లో ఇప్పుడు ఇసుక లేదంటారు."

"లేదు."

"మరి గరగరలాడుతోందని ఎందుకంటోంది?"

"వాపుకు... గట్లనే అనిపిస్తది."

ఆమె వచ్చి ఆయన పక్కనే మంచం మీద కూర్చుంది. నా కింది రెప్పను తను కూడా ఒకసారి దించి ఆయనకు చూపించింది. "మీ ఛాతీలో గాలి గొట్టాలున్నాయి చూశారా, వాటి లోపలి పొర సరిగ్గా ఇలాగే ఉంటుందండీ. ఇంత మెత్తగా, ఇంత తడిగా. ఇప్పుడది ఇంత ఎర్రగానూ ఉంది. అది ఉబ్బి దారి సన్నబడింది. మీకు మసి అడ్డం పడ్డట్టు అనిపిస్తోంది. కొంత కఫం ఉందిలెండి, అదీ ఆ పుండు ఊరుస్తున్నదే. మీరేమో దానికి పొగ పెడుతున్నారు."

తాతయ్య నా కన్ను చూశాడు. మంచం కింద ఇంకా సన్నగా పొగ లేస్తున్న కొమ్మును చూశాడు. ఛాతీ మీద తన చేతిని పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు తడిమాడు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కదలకుండా నిలబడింది.

"అయితే... నావి ఇనుప గొట్టాలు కావన్నట్టు" అన్నాడు చివరికి.

"కావండీ. ఇనుపవైతే కడ్డీ పెట్టి నేనే గీకేదాన్ని, ఈపాటికి."

ఆయన నవ్వబోయాడు, అది దగ్గుగా మారింది. దగ్గు తగ్గాక నేల వైపు చూస్తూ పెట్టె గురించి అడిగాడు. అక్క అబద్ధం చెప్పలేదు. అది నేను ఎన్నేళ్ళయినా మరచిపోను. ఏమీ కాదు అనలేదు. "పెట్టె సంగతి నా చేతుల్లో లేదండీ. ఇక్కడే కూర్చుంటే మాత్రం దారి ఇంకా మూసుకుపోతుంది, అది నాకు తెలుసు. వాపు తగ్గించే మందు అక్కడుంది. రేపు కూడా నా పచ్చడికి వంక పెట్టాలనుంటే ఇవాళ నాతో రండి" అంది.

తాతయ్య నా భుజం పట్టుకుని లేచాడు. చెప్పులు ఎక్కడున్నాయని అమ్మను సైగతో అడిగాడు.

కంపెనీ వ్యాను వచ్చింది. అమ్మతో సహా నలుగురం ఎక్కాం. క్లినిక్‌లో పాకిస్తానీ డాక్టరు ఉండేవాడు. తాతయ్య ఆయనతో కాజీపేట ఉర్దూలో మాట్లాడబోతే, ముందు ఊపిరి తీసుకోండి చాచా, కబుర్లు తర్వాత అన్నాడు. చేతికి ఇంజక్షను ఇచ్చారు. తర్వాత ఒక చిన్న యంత్రం తెచ్చి గొట్టం తగిలించి మాస్కు పెట్టబోయారు. మాస్కులోంచి తెల్లటి ఆవిరి లేవగానే తాతయ్య వెనక్కి జరిగి, నన్ను మోసం చేశావు గదా అన్నట్టు అక్క వైపు చూశాడు. "ఇది గూడ పొగనే" అన్నాడు.

"పొగ కాదండీ, మందు నీళ్ళు. కంటికి వేసే చల్లటి గుడ్డ అనుకోండి. కంటికైతే పైన వేస్తాం, గొట్టాలకు ఇలా పంపిస్తాం" అంది అక్క. మాస్కును చేతిలో పట్టుకుని, ముందు ఆయన అరచేతికి ఆ ఆవిరి తగిలేలా పెట్టింది. చల్లగా ఉందని తెలిశాకే ముఖానికి పెట్టనిచ్చాడు.

నేను గోడ పక్క స్టూలు మీద, కన్ను మీద తడి గుడ్డతో కూర్చున్నాను. నా చెయ్యి కన్ను మీదికి పోబోయినప్పుడల్లా మాస్కు పైనుంచి ఆయన కళ్ళు నన్ను గద్దించేవి. చాలాసేపటికి ఈల మెల్లమెల్లగా లావైంది, తర్వాత అక్కడక్కడా తెగింది. మెడ దగ్గర తాళ్ళు సడలాయి. కిటికీలో చాయ్ రంగు కాస్త పల్చబడే వేళకు ఆయన మాస్కు పక్కకు తీసి నన్ను పిలిచాడు.

"కాజీపేట, హసన్‌పర్తి, ఉప్పల్" అన్నాడు, ఒక్క గుక్కలో. అక్కడ ఆగి, చెయ్యి అడ్డంగా చాపి, "సిగ్నల్ ఇయ్యలే" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆయన్ని అక్కడే ఉంచారు. గాలి తగ్గి నాన్న ఒడ్డుకు వచ్చేటప్పటికి తాతయ్య దిండ్లకు ఆనుకుని కూర్చుని, క్లినిక్ ఇడ్లీలను విమర్శిస్తున్నాడు. అవి క్లినిక్‌వి కావు, అక్క ఇంటి నుంచి తెచ్చినవి. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఆనాడు అక్క రెండు ముక్కల్లో చెప్పినదాన్ని తర్వాత ఏళ్ళ తరబడి పుస్తకాల్లో వెతుక్కుని చదివాను. గాలి గొట్టాల లోపల కంటికి కనబడని సన్నటి నూగు ఉంటుందట. అది ఎప్పుడూ కదులుతూ దుమ్మునూ కఫాన్నీ పైకి ఊడ్చేస్తుంటుంది. ఏళ్ళ తరబడి పొగ తగిలితే ఆ నూగు చచ్చిపోతుంది, కఫం స్రవించే గ్రంథులు పెరుగుతాయి. తాతయ్యకు కొలిమి పొగా తగిలింది, రిటైరయ్యేదాకా వదలని చుట్ట పొగా తగిలింది. అలాంటి ఛాతీకి జలుబో దుమ్మో తోడైనప్పుడు, శత్రువు వచ్చాడనుకుని రక్తంలోని తెల్లకణాలు ఆ పొర మీదికి గుంపుగా చేరతాయి. వాటి పోరాటంలో పొర వాస్తుంది, ఎర్రబడుతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. గొట్టం సగం సన్నబడితే గాలికి దారి సగం తగ్గడం కాదు, అంతకన్నా ఎన్నో రెట్లు కష్టమవుతుంది. అదీ లోపలికి పీల్చడం కన్నా బయటికి వదలడమే కష్టం. పాత గాలి లోపల చిక్కుకుపోయి కొత్త గాలికి చోటుండదు. అందుకే ఆయన ఊపిరి వదిలేటప్పుడు ఈల వినబడింది. క్లినిక్‌లో ఆక్సిజన్ కూడా ధారాళంగా ఇవ్వకుండా ఎందుకంత చూసుకుని సన్నగా వదిలారో నాకు పెళ్ళయ్యాక, ఒక లావుపాటి పుస్తకంలో దొరికింది. ఇలాంటి రోగికి అతిగా ఇచ్చినా ప్రమాదమేనట. ఆ పేజీ చదివిన రోజు అక్కకు ఫోన్ చేసి చెబితే, ఇన్నాళ్ళకు నాకు పరీక్ష పెట్టి పాస్ చేశావన్నమాట అని నవ్వింది.

పుస్తకాలు ఇంకొకటి కూడా చెప్పాయి, అది నాకు ముందే తెలుసు. అలా ముదిరి తగ్గిన ప్రతిసారీ ఛాతీ మునుపటిలా పూర్తిగా తేరుకోదు. ఎండలు మొదలయ్యాక సాయంత్రాలు తాతయ్యా నేనూ సముద్రం ఒడ్డున నడిచేవాళ్ళం. అక్క నేర్పినట్టు ఆయన పెదాలు సున్నాలా చుట్టి, వేడి చాయ్ ఊదినట్టు ఊపిరి నెమ్మదిగా వదులుతూ నడిచేవాడు. నేను అడిగితే స్టేషన్లు చెప్పేవాడు. ఓదెల దాటేవాడు, పెద్దపల్లి దాకా వెళ్ళేవాడు. మంచిర్యాల మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నేను అడగడం మానేశాను. ఇంజనుకు నీళ్ళు ఇప్పుడు పెద్దపల్లిలోనే పడుతున్నారని ఆయనే చెప్పాడు, మొహంలో ఏమాత్రం తేడా లేకుండా.

వెళ్ళే రోజున ఆయన తన పెట్టె తనే మోసుకుంటానని పట్టుబట్టాడు. నాన్న లాక్కున్నాడు. విమానంలో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాడు. కాజీపేటలో ఇంకా చాలా చలికాలాలు బతికాడు. దమ్ము పట్టినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే దవాఖానకు నడిచేవాడట. అక్కడి నర్సులకు తన కథ చెప్పి, వాళ్ళ పిల్లల కళ్ళ గురించి అడిగేవాడట.

ఇప్పుడు నేనూ తాతయ్య వయసుకు దగ్గర పడుతున్నాను. రియాద్‌లో దుమ్ము లేచిన రోజు మా ఇంట్లో ఏ రకం పొగా ఉండదు. దేవుడికి దీపమొక్కటే. అది చిన్న సంగతి. అసలు నేను దాచుకున్నది వేరే. ఈమధ్యే మా ఆయనకు రియాద్ శివారు సులైలో చేసే గోదాము పని అయిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా ఇక పొడిగించరని, దేశం విడిచి వెళ్ళే ఫైనల్ ఎగ్జిట్‌కు సిద్ధం కమ్మని చెప్పారు. మనిషి మాట్లాడటం మానేశాడు. పిల్లలు ఫోన్ చేసి, ఏమాలోచించావు, ఎప్పుడొస్తావు, ఎక్కడుంటావు అని అడిగేకొద్దీ ఇంకా మూసుకుపోయాడు. మొండితనం పెరిగిందని పిల్లలకు కోపం వచ్చింది. నాకూ రాబోయింది. అప్పుడు మా తాతయ్య నా కింది రెప్ప దించి చూసిన చూపు గుర్తొచ్చింది. పిల్లలకు ఫోన్ చేసి కొన్నాళ్ళు ఆ మాట ఎత్తవద్దన్నాను. మా ఆయన్ని నేనేమీ అడగలేదు. ఇన్నేళ్ళలో గోదాముకు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇంటి మీద బెంగతో ముడుచుకుపోతే మీరేం చేసేవారని మాత్రం ఒక సాయంత్రం అడిగాను. వాళ్ళను పని గురించి అడక్కుండా పక్కన కూర్చుని చాయ్ తాగేవాణ్ణని చెప్పాడు. చెబుతూ, తన సంగతీ అదేనని తట్టినట్టు ఆగాడు. నా వైపు తిరిగి, మనం ఎప్పుడు వెళదామో నువ్వే చెప్పు అన్నాడు.

అక్క నాకిచ్చిన చదువు ఇదే. మూసుకుపోయిన మనిషిలో నాకు ముందు కనబడేది లోపలి నొప్పి. దాన్ని నలపకుండా, ఆ మనిషికే తెలిసిన మందేమిటో అడిగి, దారి తెరుచుకునేదాకా పక్కన కూర్చుంటాను.